చెరువులో మందు పోసేముందు పరీక్ష జరగాలి

(మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎరువుల ధరలు, గిట్టుబాటు ధర వదిలేసి ఆల్చిప్పల గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ కాలువ, తూము, మోటారు పైపు మీద బతికే మనందరికీ ఇది సంబంధించిన విషయమే.

జీబ్రా మస్సెల్ అనే చారల ఆల్చిప్ప గోరంత ఉంటుంది. నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతపు మంచినీళ్లు దాని పుట్టిల్లు. ఓడలు బరువు కోసం నింపుకునే నీళ్లతో అమెరికా చేరి, 1988లో అక్కడి మహా సరస్సుల ప్రాంతంలో బయటపడింది. ఒక్క ఆడది ఏడాదికి 10 లక్షల గుడ్ల దాకా పెడుతుంది. పిల్లలు కంటికి కనిపించవు. నీటితో కొట్టుకొచ్చి పైపులకూ గేట్లకూ అంటుకుని, గుత్తులుగా పెరిగి నీటిదారి మూసేస్తాయి.

దాన్ని చంపడానికి వాళ్లు వాడి చూసిన మందులు మనకు కొత్తవి కావు. ఒకటి, మనం పొలంలో చల్లే పొటాష్. రెండు, మైలుతుత్తంలో ఉండే రాగి. మూడు, క్లోరిన్. క్లోరిన్ తగిలితే ఆ జీవి చిప్ప మూసుకుని రోజుల తరబడి కూర్చుంటుంది. పొటాష్ దాని ఊపిరి తీస్తుంది. ఆ మోతాదు చేపలను పెద్దగా బాధించదు గానీ స్థానిక ఆల్చిప్పలనూ చంపేస్తుంది. రాగి చేపలకూ నత్తలకూ విషమే. పైగా నీటి కఠినత్వాన్ని బట్టి, వేడిని బట్టి దాని విషం హెచ్చుతగ్గులవుతుంది. కాబట్టి ఒక చెరువు లెక్క ఇంకో చెరువుకు సరిపోదు. ఆ నీళ్లే తెచ్చి, తొట్లలో పోసి, రకరకాల మోతాదుల్లో పరీక్షించాలి.

వర్జీనియాలో 12 ఎకరాల పాత రాతి క్వారీ గుంటలో 2006లో పొటాష్ ద్రావణం పోసి ఆ ఆల్చిప్పను పూర్తిగా తుడిచిపెట్టారు. అది నాలుగు వైపులా మూసి ఉన్న నీరు. మిన్నెసోటాలోని క్రిస్మస్ సరస్సులో 2014లో కనపడగానే ఒక మూలను తెరలతో వేరుచేసి, బాక్టీరియా మందు, రాగి, పొటాష్ వరుసగా వాడారు. మరుసటి ఏడాది మందు పోయని చోట మళ్లీ కనిపించింది. పారే నీటిలోనైతే పని ఇంకెంత కష్టమో ఆలోచించండి.

ఇది పరాయి దేశం గొడవ మాత్రమే అనుకోవద్దు. ఇలాంటిదే మరో విదేశీ రకం 1967లోనే విశాఖ ఓడరేవులో కనిపించింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఇంకో రకం పులికాట్ దాకా వ్యాపించి, అక్కడి మత్స్యకారుల రొయ్యల వేటను దెబ్బతీస్తోంది. ఈ రెండూ ఉప్పునీటివి, నిజమే. కానీ రేపు మంచినీటి రకం మన కాలువల్లో దిగితే, కంగారులో ఎవరో ఒకరు మందు డ్రమ్ములతో గట్టు మీద నిలబడతారు. ఆ నీరే మన పశువులు తాగేది, మన మడికి పారేది, చేపల చెరువుకు వెళ్లేది.

అందుకే ఇప్పుడే అడుగుతున్నాం. ఉమ్మడి నీటిలో ఏ మందు పోయాలన్నా ముందు ఆ నీటితోనే పరీక్ష జరగాలి. చేప, రొయ్య, నత్త, వరి మీద ఫలితాలు తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. ఆయకట్టు రైతుల, మత్స్యకారుల అంగీకారం తీసుకోవాలి. నష్టం జరిగితే పరిహారం ఎవరిస్తారో ముందే రాసివ్వాలి.

మన వంతు పనీ ఉంది. పడవ, వల, పంపు ఒక నీటి నుంచి ఇంకో నీటికి తీసుకెళ్లేముందు శుభ్రంగా కడిగి, నీరు వంచేసి, బాగా ఎండబెడదాం. పైసా ఖర్చు లేని మందు అదొక్కటే.