చలిని గెలిచింది ఎవరు?

(యువజన శిక్షణా శిబిరంలో మాట్లాడిన మాటలకు రాత రూపం)



మీలో చాలామంది గ్రూప్స్‌కో, కానిస్టేబుల్‌కో ప్రిపేర్ అవుతున్నారు. నేనూ అయ్యాను. జీకే బుక్కులో ఒక బిట్ ఉండేది. వాయవ్య మార్గాన్ని, అదే నార్త్‌వెస్ట్ పాసేజ్‌ని ఓడలో మొదట దాటింది ఎవరు? జవాబు ఆముండ్‌సెన్. దక్షిణ ధ్రువానికి మొదట చేరింది ఎవరు? దానికీ ఆముండ్‌సెనే. నేను రెండూ బట్టీ కొట్టాను. అంత చలిలో ఆయన ఎట్లా బతికాడు, ఎవరు నేర్పారు అని మాత్రం ఏ బిట్‌లోనూ అడగలేదు. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

కెనడాకి ఉత్తరాన, మంచు సముద్రంలో కింగ్ విలియం అనే దీవి ఉంది. చలికాలంలో అక్కడ మైనస్ 40 డిగ్రీలు మామూలు. మన ఆదిలాబాద్‌లో నాలుగైదు డిగ్రీలకే పొద్దున్నే నెగడు చుట్టూ చేరుతాం కదా, అక్కడ నెగడు వెయ్యడానికి చెట్టే లేదు. ఆ దీవి చుట్టుపక్కల నెట్సిలిక్ అనే ఇనూయిట్ జనం తరతరాలుగా బతుకుతున్నారు. ఎస్కిమోలు అనేది బయటివాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళు తమని తాము ఇనూయిట్ అనుకుంటారు. ఆ మాటకి అర్థం మనుషులు అని. మనం కోయతూర్ అని చెప్పుకున్నట్టే.

ఆ ఒక్క దీవికి రెండు బృందాలు వచ్చాయి. వాటి కథలు పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది ఇంగ్లాండ్ నౌకాదళం పంపింది. 1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వంలో ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడలు, 129 మంది మనుషులు. ఆవిరి ఇంజన్లు, డబ్బా ఆహారం, వెయ్యికి పైగా పుస్తకాలు, అన్నీ ఉన్నాయి. 1846లో ఓడలు మంచులో ఇరుక్కుపోయాయి. మరుసటి ఏడు ఫ్రాంక్లిన్ చనిపోయాడు. 1848 ఏప్రిల్‌లో మిగిలిన 105 మంది ఓడలు వదిలి, పడవల్ని స్లెడ్జిల మీద పెట్టి మనుషులే లాగుతూ దక్షిణానికి బయల్దేరారు. ఒక్కరు కూడా ఇల్లు చేరలేదు. తర్వాత వెతకడానికి పోయినవాళ్ళకి ఒక పడవ దొరికింది. అందులో రెండు అస్థిపంజరాలు, వెండి చెంచాలు, సబ్బులు, పుస్తకాలు ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ఏది బరువో, ఏది అవసరమో వాళ్ళకి తెలియలేదు.

ఒకమాట న్యాయంగా చెప్పాలి. వాళ్ళు చలికి మాత్రమే చావలేదు. జబ్బులు, ఆకలి కూడా ఉన్నాయి. వంద మందిని ఒకేసారి పోషించే శక్తి ఆ నేలకి లేదు. అందుకే ఇనూయిట్ చిన్న చిన్న గుంపులుగా, సీల్ కోసం ఒక చోటికి, కారిబూ దుప్పి కోసం ఇంకో చోటికి తిరిగేవాళ్ళు. నేల ఎంతమందిని మోయగలదో తెలియడం కూడా విద్యే.

రెండో బృందం నార్వే నుంచి వచ్చింది. 1903లో రోల్డ్ ఆముండ్‌సెన్, ఇంకో ఆరుగురు. యోవా అనే చిన్న పడవ. అదే దీవిలో రెండు చలికాలాలు ఉన్నారు. వీళ్ళు ఏం చేశారంటే, నెట్సిలిక్ వాళ్ళ దగ్గర శిష్యులుగా కూర్చున్నారు. మంచు ఇల్లు కట్టడం, కుక్కల బండి తోలడం, బట్ట కట్టుకోవడం దగ్గరుండి నేర్చుకున్నారు.

ఆ విద్య ఏందో కొంచెం వివరంగా చెప్తాను. ఎందుకంటే దాన్ని అలవాటు అంటారు, ఆచారం అంటారు, సైన్స్ అని మాత్రం అనరు.

చలిలో మనిషిని చంపేది తడి. బరువు లాగి చెమట పడితే బట్ట తడుస్తుంది, ఆగగానే ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది, తర్వాత గడ్డకడుతుంది. ఇనూయిట్ వేసుకునేది కారిబూ తోలు అంగీలు. లోపలి అంగీ బొచ్చు ఒంటి వైపు, పై అంగీ బొచ్చు బయటి వైపు. కారిబూ వెంట్రుక లోపల గాలి ఉంటుంది, ఆ గాలే వేడిని పోనివ్వదు. అంగీ వదులుగా ఉంటుంది, అందుకే చెమట ఒంటి మీద నిలవదు.

కుట్టేది ఆడవాళ్ళు. తోలుని పళ్ళతో నమిలి మెత్తగా చేస్తారు. దారం జంతువు నరంతో తీస్తారు. తడి తగిలితే ఆ నరం ఉబ్బి సూది బెజ్జాన్ని మూసేస్తుంది, నీళ్ళు లోపలికి రావు. ఒక్క కుట్టు తప్పితే వేటకి పోయిన మనిషి తిరిగి రాడు. అంటే ఇంట్లో దీపం ముందు కూర్చుని కుట్టే అవ్వ చేతిలోనే వేటగాడి ప్రాణం ఉంది.

మంచు ఇల్లు చూడండి. గాలికి గట్టిపడిన మంచుని కత్తితో దిమ్మలుగా కోసి గుండ్రంగా పేరుస్తారు. గడప కిందికి, పడుకునే అరుగు పైకి పెడతారు. చల్లగాలి బరువు, కిందికి దిగుతుంది. వెచ్చగాలి పైన నిలుస్తుంది. సీల్ కొవ్వుతో వెలిగే రాతి దీపం, మనుషుల ఒంటి వేడి, అంతే. తిండి పచ్చి మాంసం, కొవ్వు. దాన్ని చూసి తెల్లవాళ్ళు అసహ్యించుకున్నారు. కానీ ఆ పచ్చి మాంసంలోనే విటమిన్ సి ఉంది. అది అందక చిగుళ్ళు కుళ్ళి చనిపోయిన నావికులు ఎంతమందో.

ఆముండ్‌సెన్ వాయవ్య మార్గం దాటాడు. తర్వాత ఆ విద్యనే పట్టుకుని, తోలు అంగీలతో, కుక్కలతో, తమ నార్వే స్కీలతో 1911 డిసెంబర్ 14న దక్షిణ ధ్రువం చేరి, వెంట వచ్చిన నలుగురితో క్షేమంగా తిరిగొచ్చాడు. ఇంగ్లాండ్‌కి చెందిన స్కాట్ బృందం ఐదుగురూ ఉన్ని బట్టలతో, చాలా దూరం స్లెడ్జిలు తామే లాగుకుంటూ 1912 జనవరి 17న చేరారు. తిరుగుదారిలో ఐదుగురూ చనిపోయారు.

ఇప్పుడు నన్ను బాగా కదిలించిన విషయం చెప్తాను. ఫ్రాంక్లిన్ మనుషులకి ఏమైందో ఇనూయిట్‌కి మొదటి నుంచీ తెలుసు. 1854లో జాన్ రే అనే డాక్టర్ వాళ్ళని అడిగి తెలుసుకున్నాడు. ఆకలితో చనిపోయారని, చివరికి చచ్చిన తోటివాళ్ళ మాంసం తిన్నారని చెప్పారు. ఇంగ్లాండ్ భగ్గుమంది. చార్లెస్ డికెన్స్ అంతటి రచయిత అనాగరికుల మాట నమ్మొద్దని, వాళ్ళే చంపి ఉండొచ్చని రాశాడు. అన్నం పెట్టే భూమి గురించి చెప్పినవాళ్ళని హంతకులు అన్నారు. 1990లలో శాస్త్రవేత్తలు ఆ ఎముకల మీద కత్తి గాట్లు చూశారు. ఇనూయిట్ చెప్పింది నిజం.

ఓడల సంగతీ అంతే. ఒక ఓడ దక్షిణాన ఫలానా చోట మునిగిందని పెద్దలు చెప్తూనే ఉన్నారు. ఎరెబస్ 2014లో ఆ ప్రాంతంలోనే దొరికింది. 2016లో యోవా హేవెన్ ఊరి ఇనూయిట్ మనిషి సామీ కాగ్విక్, మంచులోంచి కొయ్య పొడుచుకుని ఉండటం చూశానని చెప్పాడు. అక్కడికి పోతే టెర్రర్ దొరికింది. అదే ఊరి లూయీ కాముకాక్ చిన్నప్పుడు ముత్తవ్వ చెప్పిన కథ విని, పెద్దయ్యాక ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళ మాటలు రాసుకున్నాడు. ఆ పని పదుల ఏళ్ళు చేశాడు. 2018లో చనిపోయే లోపు రెండు ఓడలూ దొరకడం చూశాడు.

ఇంకొక్కటి. 1953లో కెనడా ప్రభుత్వం ఇనుక్‌జువాక్ ప్రాంతంలోని ఇనూయిట్ కుటుంబాల్ని దాదాపు 2,000 కిలోమీటర్లు ఉత్తరానికి తరలించింది. వాళ్ళు చలి తెలిసినవాళ్ళే కదా, ఎక్కడైనా బతుకుతారు అనుకుంది. అక్కడ నెలల తరబడి సూర్యుడే రాడు. జంతువులు వేరు, మంచు వేరు. నచ్చకపోతే రెండేళ్ళకి వెనక్కి తీసుకొస్తామన్న మాట నిలబెట్టుకోలేదు. జనం నరకం చూశారు. 2010లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. మన విద్య మన నేలతో ఉంటుంది. నేల నుంచి మనిషిని పీకేస్తే విద్య కూడా సగం తెగిపోతుంది. నిర్వాసిత కాలనీల్లో ఉన్న మనోళ్ళకి ఈ మాట నేను విప్పి చెప్పక్కర్లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పరీక్షలో ఆముండ్‌సెన్ అనే రాయండి, మార్కు పోగొట్టుకోవద్దు. కానీ ఆయనకి గురువులు ఉన్నారని గుర్తుంచుకోండి. ఈ చలికాలం సెలవులకి ఊరికి పోయినప్పుడు నెగడు దగ్గర అవ్వ పక్కన కూర్చోండి. ఏ ఆకు దేనికి, ఏ వాగు ఎప్పుడు పొంగింది, ఏ ఊరు ఎక్కడి నుంచి లేచి వచ్చింది అడగండి. ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి, తేదీ వెయ్యండి, చెప్పినవాళ్ళ పేరు రాయండి. పేరు మాత్రం మర్చిపోవద్దు.

నేను ఆలస్యం చేశాను. మా అవ్వ పోయింది, ఆమె చెప్పిన వాటిలో నా దగ్గర రాసి ఉన్నవి నాలుగు పేజీలే. మీరు ఆలస్యం చెయ్యకండి.

జోహార్. జై ఆదివాసీ.