నడుము కొలత – స్త్రీల ఆరోగ్యము



గ్రంథాలయ సభలలో కావ్యములను గూర్చియు, మహాపురుషులను గూర్చియు ప్రసంగించుట వాడుక. స్త్రీల నెలసరిని గూర్చి పదిమందిలో మాటలాడుట అరుదు. ఈ మౌనమువలన కలుగు నష్టము స్వల్పము కాదు. రజస్వలయైన తొలి ఏడాది క్రమము తప్పుట సహజమే. మూడేండ్లు గడచిన పిమ్మటను 35 దినములకు మించి ఆలస్యమగుచుండినచో వైద్యపరీక్ష అవసరము. కాని, "పెండ్లి అయినచో అదియే కుదురుకొనును" అని పెద్దలు సరిపెట్టుకొందురు. సంతానము కలుగనప్పుడే వైద్యుడు జ్ఞప్తికి వచ్చును. అప్పటికి దేహమున మరియొక వ్యాధికి బీజము పడియుండవచ్చును.

1935లో అమెరికాలోని షికాగో నగరమున స్టైన్, లెవెంతాల్ అను వైద్యులు ఏడుగురు స్త్రీలలో ఈ స్థితిని వర్ణించిరి. నేడు దీనిని పి.సి.ఓ.ఎస్. అనియు, వాడుకలో పి.సి.ఓ.డి. అనియు పిలుచుచున్నారు. సంతానయోగ్యమైన వయస్సుగల స్త్రీలలో నూటికి 10 నుండి 13 మందికి ఇది యుండునని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకములు తెలుపుచున్నవి. అండాశయములలో బుడగలనగానే గడ్డలని భయపడరాదు. అవి పూర్తిగా ఎదుగక నిలిచిన చిన్న అండకోశములు మాత్రమే.

పెక్కుమందిలో దీనికి ఇన్సులిన్‌తో సంబంధము కలదు. రక్తములోని చక్కెరను కండరములకు చేర్చునది ఇన్సులిన్. కండరములు దానికి సరిగా లోబడనప్పుడు శరీరము దానిని మరింతగా ఉత్పత్తి చేయును. ఆ అధిక ఇన్సులిన్ అండాశయములలో పురుష హార్మోనులను పెంచును. అందువలన నెలసరి తప్పుట, ముఖమున రోమములు, మొటిమలు కలుగును. ఆ ఇన్సులిన్ దోషమే కాలక్రమమున మధుమేహమునకు, రక్తపోటునకు త్రోవ తీయును.

ఈ ప్రమాదమును బరువు ఒక్కటే తెలుపజాలదు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాఁ వాగ్, కొవ్వు ఎంత యున్నదో అనుటతోపాటు ఎచ్చట నున్నదో చూడవలెనని 1947 నుండి బోధించెను. తొడలలోని కొవ్వుకంటె ఉదరమున పేరుకొన్న కొవ్వు హానికరము. 2004లో పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్ తమ దేహముల కొలతలనే ప్రకటించిరి. ఎత్తుకు తగిన బరువును తెలుపు సూచిక ఇరువురికిని 22.3 మాత్రమే. కాని దేహములోని కొవ్వు యుడ్కిన్‌కు నూటికి 9.1 పాళ్లు, యాజ్ఞిక్‌కు 21.2 పాళ్లు! వారు పురుషులైనను, సన్నగా కనబడు భారతీయ దేహమున కొవ్వు దాగియుండునను పాఠము స్త్రీలకును వర్తించును.

కావున దర్జీ వాడు టేపు ప్రతి ఇంట ఉపయోగపడును. నిలబడి, చివరి పక్కటెముకకును తుంటి ఎముక పై అంచుకును నడుమ, మామూలుగా ఊపిరి విడిచిన పిమ్మట, టేపును బిగింపక చుట్టవలెను. చీర కుచ్చిళ్ల మీదుగా కొలువరాదు. భారతీయ స్త్రీకి 80 సెంటీమీటర్లు, అనగా 31.5 అంగుళములు, హెచ్చరిక గీత. ఎత్తులో సగమునకు మించకుండుట మరియొక సులభమైన గుర్తు.

కొలత తక్కువైనను ఈ స్థితిగలవారు నిశ్చింతగా నుండరాదు. బరువుతో నిమిత్తము లేకుండ, వ్యాధి తెలిసిన వెంటనే చక్కెర పరీక్షయు, పిదప ఒకటి మొదలు మూడేండ్లకొకమారు అదే పరీక్షయు, ఏటేట రక్తపోటు పరీక్షయు అవసరము. 75 గ్రాముల గ్లూకోజు త్రాగిన రెండు గంటలకు రక్తములో చక్కెర 140 దాటినచో జాగ్రత్తపడవలెను. 200 చేరినచో అది మధుమేహమునకు గుర్తు.

టేపు హేళనకు సాధనము కాదు. కోడలిని నిందించుటకు అసలే కాదు. ఈ స్థితి ఆమె చేసికొన్న తప్పు కాదు. బరువు అధికముగా నున్నవారు 70 కిలోలలో మూడున్నర తగ్గినను మేలు కనబడవచ్చును. వారమునకు రెండున్నర గంటల చురుకైన నడక, కంచమున అన్నము తగ్గించి పప్పు, కూరలు పెంచుట మంచి ఆరంభము. అందరు భుజించిన తరువాత, మిగిలిన అన్నము పారవేయలేక ఇల్లాలే తినుట మన ఇండ్లలో చూచుచున్నదే. ఆమె పథ్యము ఇంటిల్లిపాది పథ్యమైననే నిలుచును.

చదివినది, విన్నది ఇల్లు చేరినప్పుడే గ్రంథాలయమునకు సార్థకత. నేడు ఇల్లు చేరిన తల్లి తన కుమార్తెను చెంతకు పిలిచి, "నెలసరి సక్రమముగా వచ్చుచున్నదా, అమ్మా?" అని అడిగిన చాలును. ఆ బిడ్డ చెప్పు సమాధానమును సిగ్గుపడక, కోపగింపక వినవలెను.