విద్యార్థి పరిశోధనకు గ్రంథాలయ శిక్షణ
(అధ్యక్షోపన్యాసం)



1924లో మద్రాసు విశ్వవిద్యాలయం ఒక లెక్కల మేష్టారిని గ్రంథపాలకుడిగా నియమించింది. ఆయనే ఎస్.ఆర్. రంగనాథన్. అప్పటికి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంకా పుట్టలేదు. కోస్తా, రాయలసీమ కళాశాలలు మద్రాసు పరిధిలోనే ఉండేవి. 1931లో ఆయన గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పారు. నాలుగోది పాఠకుడి కాలాన్ని ఆదా చేయమంటుంది. నేటి చర్చాంశానికి పునాది ఆ సూత్రమే. ఎందుకంటే, ఇవాళ్టికీ పరిశోధక విద్యార్థి కాలం వెతుకులాటలోనే కరిగిపోతోంది.

వనరులు లేక కాదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థల నుంచి సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందించే పథకం ఇది. దీన్ని నడిపే బాధ్యత గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ది. అదే సంస్థ నిర్వహించే శోధ్‌గంగలో దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు లక్షల్లో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా దించుకుని చదువుకోవచ్చు.

ఇంత ఉన్నా, వాడుకోవడం నేర్పే ఏర్పాటు చాలాచోట్ల ఒక్క పూటతో ముగుస్తుంది. చేరిన కొత్తలో విద్యార్థులను గుంపుగా తీసుకెళ్లి, రీడింగ్ హాలు చూపించి, కార్డు చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ రోజున వారి దగ్గర వెతకవలసిన ప్రశ్న ఏదీ ఉండదు. ప్రశ్న పుట్టేనాటికి చెప్పేవారు ఉండరు.

ఎం.ఏ. తెలుగు విద్యార్థిని ఒకరు ‘తెలుగు కథల్లో చేనేత జీవితం’ అనే అంశం తీసుకున్నారనుకుందాం. డ్యూయీ దశాంశ వర్గీకరణ పద్ధతిలో పుస్తకాలు సర్దిన గ్రంథాలయంలో తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటుంది. కథా సంపుటాలు అక్కడే దొరుకుతాయి. అయితే నేత పరిశ్రమ 677లో, కార్మికుల ఆర్థిక స్థితి 331లో, ప్రాంతీయ చరిత్ర 954లో ఉంటాయి. ఒక్క అంశం నాలుగు అరలకు చెదిరిపోయింది. ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే ఆమె మొదటి అర దగ్గరే ఆగిపోయి, ‘మెటీరియల్ లేదు’ అని గైడుకు చెబుతుంది.

కంప్యూటర్ క్యాటలాగులోనూ ఇలాంటి చిక్కే ఉంది. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించిన చోట ‘చేనేత’ లోని తకారానికి ఒకరు హెచ్ కలుపుతారు, ఇంకొకరు కలపరు. ఒక్క రూపంతో వెతికితే సగం పుస్తకాలు కనబడవు. రెండు రూపాలతోనూ వెతకాలి. దొరికిన మొదటి పుస్తకం వివరాల్లో ఉన్న విషయ శీర్షికను పట్టుకుని మళ్లీ వెతకాలి. తరువాత శోధ్‌గంగలో దగ్గరి అంశం మీద వచ్చిన సిద్ధాంత గ్రంథం తెరిచి, ముందుగా చివరి పేజీల్లోని ఉపయుక్త గ్రంథసూచి చూడాలి. అక్కడి నుంచి దారి 1961 జనాభా లెక్కల విభాగం ఆంధ్రప్రదేశ్ చేతివృత్తుల మీద తెచ్చిన నివేదికలకు, ‘భారతి’ సాహిత్య మాసపత్రిక పాత సంచికలకు సాగుతుంది. చేనేతకు పేరున్న చీరాల పక్కనే, వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో భద్రపరిచిన పాత పత్రికల దాకా కూడా సాగవచ్చు. ఈ దారి తెలిసిన గ్రంథపాలకుడు ఆమె పక్కన ఒక గంట కూర్చుంటే, నెలల తిప్పలు తప్పుతాయి.

పీహెచ్‌డీ విద్యార్థులకు యూజీసీ 2019లో పరిశోధన, ప్రచురణ నైతికతపై రెండు క్రెడిట్ల కోర్సు ఖరారు చేసింది. డేటాబేసుల వాడకం అందులో ఒక భాగం. మంచి అడుగే. కానీ ఎం.ఏ., ఎం.ఎస్సీ. ప్రాజెక్టులు రాసేవారికి ఆ కోర్సు వర్తించదు. వెతకడం తెలియని విద్యార్థి అదే అలవాటుతో పీహెచ్‌డీలోకి వస్తాడు. తెలుగు రాష్ట్రాల్లో పెద్ద సంఖ్యలో విద్యార్థులు ప్రైవేటు కళాశాలల్లో చదువుతున్నారు. కేంద్ర పథకం తొలి దశ ప్రభుత్వ సంస్థలకే పరిమితం కనుక ఆ పత్రికలు వారికి అందవు. శోధ్‌గంగ, ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి ఉచిత వనరుల వాడకం వారికి మరింత శ్రద్ధగా నేర్పాలి.

అందుచేత ఈ సభ ముందుకు మూడు ప్రతిపాదనలు వస్తున్నాయి. ఒకటి: పరిశోధనాంశం ఖరారైన నెలలోనే, ఆ అంశం మీదే, గైడు, గ్రంథపాలకుడు కలిసి విద్యార్థికి శిక్షణ ఇవ్వాలి. రెండు: ఏ మాటలతో, ఎక్కడెక్కడ వెతికిందీ విద్యార్థి ఒక నోటుపుస్తకంలో రాయాలి, ప్రాజెక్టు మార్కుల్లో దానికి వాటా ఉండాలి. మూడు: ఖాళీగా ఉన్న గ్రంథపాలక పోస్టులను భర్తీ చేసి, వారిని బోధనలో భాగస్వాములను చేయాలి. మధ్యాహ్నం జరిగే సమావేశంలో ప్రతినిధులు వీటిని ఒక్కొక్కటిగా చర్చించి, అవసరమైన సవరణలతో తీర్మానాలుగా విశ్వవిద్యాలయాల పాలక మండళ్లకు పంపాలని అధ్యక్ష స్థానం నుంచి విజ్ఞప్తి.