కుడికా, మధ్యకా? – తెలంగాణ బీజేపీ ముందున్న ప్రశ్న, మన ముందున్న బాధ్యత

(నాగోల్‌లో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి చర్చాంశాన్ని వినగానే మీలో కొందరికి ఒక సందేహం కలిగి ఉంటుంది. బీజేపీ మరింత కుడివైపునకు జరగాలా, మధ్యేమార్గానికి రావాలా అన్నది ఆ పార్టీవారు తమలో తాము తేల్చుకోవలసిన విషయం. అందులో మనకేమి పని? సందేహం సహజమైనదే. అయితే ఒక పెద్ద పార్టీ ఏ దిక్కునకు జరిగినా ఆ కదలికకు మూల్యం చెల్లించేది ఆ పార్టీ కార్యకర్త కాదు. బడిలో మన బిడ్డ చెల్లిస్తుంది. అద్దె ఇంటి కోసం గడపగడపా తిరిగే మన కుటుంబం చెల్లిస్తుంది. కనుక ఆ చర్చను దూరంనుంచి చూస్తూ కూర్చునే సౌకర్యం మనకు లేదు.

మొదట మన ప్రాంతం లెక్కలనే పరిశీలిద్దాం. 2016లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో బీజేపీకి లభించినవి 4 డివిజన్లు. 2020 డిసెంబరులో 150 డివిజన్లకుగాను 48 లభించాయి. టీఆర్ఎస్‌కు 56, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 వచ్చాయి. ఆనాడు నాగోల్ డివిజన్‌తోపాటు ఎల్బీనగర్ ప్రాంతమంతటా కమలం వికసించింది. ఆ ఎన్నికల ప్రచారంలోనే అప్పటి రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ పాతబస్తీపై సర్జికల్ స్ట్రైక్ చేస్తామన్నారు. ఆ మాట మన గుండెల్లో ములుకులా దిగింది. ఫలితాలు వెలువడిన తరువాత ఆ పార్టీలో ఒక వర్గంవారు ఒక నిర్ణయానికి వచ్చారు: మాట ఎంత కటువుగా ఉంటే ఓట్లు అన్ని వస్తాయి.

ఈ నిర్ణయం ఎంతవరకు నిజం? ఆ ఎన్నికలకు ముందు, 2020 అక్టోబరులో, హైదరాబాద్‌పై కుంభవృష్టి కురిసిన సంగతి మనమెవ్వరమూ మరువలేదు. నాగోల్, ఎల్బీనగర్ పరిసరాలలోని కాలనీలు నీట మునిగాయి. నాలాల ఆక్రమణ, చెరువుల మాయం, పదివేల రూపాయల వరద సహాయం అందినవారికి అంది, అందనివారికి అందకపోవడం, ఇవన్నీ ఆ ఓటులో కలిసి ఉన్నాయి. ఆనాడు మన పొరుగువారు వేసిన ఓటులో ద్వేషం పాలు ఎంత, మురుగునీటి పాలు ఎంత అని విడదీసి చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

దీనికి తరువాతి ఎన్నికలే సాక్ష్యం. మూడేళ్లు తిరగకముందే, 2023 శాసనసభ ఎన్నికలలో, ఇదే ఎల్బీనగర్ నియోజకవర్గంలో బీఆర్ఎస్ అభ్యర్థి దేవిరెడ్డి సుధీర్ రెడ్డి గెలిచారు. నగరంలో 48 డివిజన్లు గెలుచుకున్న పార్టీకి ఆ ఏడాది హైదరాబాద్‌లో దక్కింది ఒక్క గోషామహల్ మాత్రమే. రాష్ట్రంలో దక్కిన 8 స్థానాలలో మిగిలిన 7 ఉమ్మడి ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాలవి. మళ్లీ ఆరునెలలకు, 2024 లోక్‌సభ ఎన్నికలలో, మనం ఓటు వేసే మల్కాజిగిరిలో బీజేపీ అభ్యర్థి ఈటల రాజేందర్ 3 లక్షల 90 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆయన విద్యార్థి దశలో వామపక్ష సంఘంలో పనిచేసినవారు, టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రిగా ఉన్నవారు, వెనుకబడిన వర్గాల నాయకుడు. మన ప్రాంతంలో ఆ పార్టీకి వచ్చిన అతిపెద్ద విజయం కరడుగట్టిన ప్రసంగాలతో పేరుపొందిన నాయకుడి ద్వారా రాలేదు. మోదీ ప్రభావం, కూలిపోయిన బీఆర్ఎస్ ఓటు కూడా అందులో కలిసి ఉన్నాయన్నది వాస్తవమే. కానీ ఒకే ఓటరు నాలుగేళ్లలో మూడు తీర్పులు ఇచ్చాడంటే అతని మనస్సు రాతిపై చెక్కినది కాదని అర్థం. మన ఆశకు మొదటి ఆధారం ఇదే.

ఇక ఆ పార్టీలోని వాదోపవాదాలు. 2023 జూలైలో బండి సంజయ్‌ను తప్పించి కిషన్ రెడ్డికి రాష్ట్ర బాధ్యత అప్పగించారు. తీవ్రవాదులైనవారు, ఆ మార్పువల్లనే ఊపు పోయిందన్నారు. మితవాదులు, ఆ సంజయ్ గారే కరీంనగర్‌లో ఓడిపోలేదా అన్నారు. 2018లో 7 శాతం దగ్గర ఉన్న ఓటు 2023లో దాదాపు 14 శాతానికి చేరింది, 2024లో 35 శాతానికి పెరిగింది. ఈ అంకెలను ఎవరికి వారు తమకు అనువుగా చదువుకోవచ్చు. ఏ దిక్కునకు జరిగితే గెలుపు ఖాయమన్నది ఈ అంకెలు చెప్పవు.

ఇది తెలంగాణకే పరిమితమైన ప్రశ్న కాదు. మన పిల్లలు చదువులకు, కొలువులకు వెళ్లే కెనడాలో కన్సర్వేటివ్ పార్టీ పదేళ్లుగా ఇదే ప్రశ్నతో సతమతమవుతున్నది. 2015లో హార్పర్ నాయకత్వంలో ఆ పార్టీ, పౌరసత్వ ప్రమాణ సమయంలో నిఖాబ్ ధరించరాదన్న విషయాన్ని ఎన్నికల అంశం చేసింది. అనాగరిక ఆచారాలపై ఫిర్యాదుకు ప్రత్యేక ఫోన్ ఏర్పాటు చేస్తామన్నది. ఓడిపోయింది. 2021లో ఓ టూల్ పార్టీని మధ్యేమార్గానికి తెచ్చారు. ఆయనా ఓడిపోయారు. 2022 ఫిబ్రవరిలో సొంత ఎంపీలే ఆయనను తొలగించారు. తరువాత వచ్చిన పొలియెవ్ మళ్లీ కుడివైపు స్వరం పెంచారు. 2025 ఏప్రిల్‌లో 41 శాతానికి పైగా ఓట్లు వచ్చినా అధికారం రాలేదు, తన సొంత స్థానాన్ని కూడా కోల్పోయారు. అక్కడ కూడా దిక్కు మార్చుకున్నంత మాత్రాన గెలుపు రాలేదు. ఒక తేడా మాత్రం గమనించవలసినది. టొరంటో శివార్లలోని వలస కుటుంబాల ఓటు లేకుండా అక్కడ ఏ పార్టీకీ అధికారం సులభం కాదు. కనుక ఆ కుటుంబాలను అవమానిస్తే దానికి వెల కట్టవలసి వస్తుంది. ఇక్కడ మన ఓటు కొన్ని నియోజకవర్గాలలోనే కుదురుకొని ఉన్నది. మిగిలినచోట్ల మనల్ని నిందించడం ఖర్చులేని పని అయిపోయింది.

మనలో కొందరు మరొక మాట అంటారు. ఆ పార్టీ మధ్యకు వస్తే మరింత బలపడుతుంది, కాబట్టి అది అతివాదంలోనే ఉండి ఒంటరి కావడం మనకు మేలు అని. ఈ తర్కాన్ని మేము అంగీకరించలేము. అతివాదం ఒంటరిగా ఉండదు. అది తనతోపాటు ఇతరులను కూడా లాగుతుంది. 2023లో తెలంగాణ శాసనసభకు ఎన్నికైన ముస్లిం సభ్యులు ఏడుగురు. ఏడుగురూ మజ్లిస్ వారే. సెక్యులర్ పార్టీలుగా చెప్పుకునే కాంగ్రెస్, బీఆర్ఎస్‌ల తరఫున ఒక్కరు కూడా గెలవలేదు. 2023 డిసెంబరులో ఏర్పడిన కాంగ్రెస్ మంత్రివర్గంలో 2025 అక్టోబరు 31న అజహరుద్దీన్ ప్రమాణం చేసేదాకా ఒక్క ముస్లిం మంత్రి కూడా లేరు. ఒక పార్టీ నిప్పు రాజేస్తే, మిగిలిన పార్టీలు ఆ సెగ తమకు తగలకుండా మన పక్కనుంచి మెల్లగా జరిగి కూర్చుంటాయి.

అయితే మధ్యేమార్గం అంటే ఏమిటి? ఇఫ్తార్ విందులో టోపీ ధరించడమా? ఒక మృదువైన ప్రసంగమా? చరిత్రను చూద్దాం. 2000 ఆగస్టులో నాగపూర్‌లో జరిగిన బీజేపీ జాతీయ సమావేశంలో కొత్త అధ్యక్షుడు ముస్లింలను దగ్గరకు తీసుకోవాలని, వారు మన రక్తంలో భాగమేనని పార్టీకి బోధించారు. ఆయన మన హైదరాబాద్‌కు చెందిన దళిత నాయకుడు బంగారు లక్ష్మణ్. 2001 మార్చిలో ఆయన పదవి పోయింది. 2002లో గుజరాత్ ఏమయిందో ప్రపంచమంతా చూసింది. అధ్యక్షుని మంచి మాట పార్టీ నడకగా మారలేదు.

ఇరవై రెండేళ్లకు మళ్లీ అదే దృశ్యం. 2022 జూలైలో హైదరాబాద్‌లోనే జరిగిన జాతీయ కార్యవర్గ సమావేశంలో ప్రధాని, పస్మాందా ముస్లింలను చేరుకోవాలని పార్టీ శ్రేణులకు సూచించినట్లు పత్రికలు వ్రాశాయి. ఆ మరుసటి నెలలోనే గోషామహల్ శాసనసభ్యుడు రాజాసింగ్ మన ప్రవక్త గురించి చేసిన వ్యాఖ్యలతో నగరం ఉడికిపోయింది. పార్టీ ఆయనను సస్పెండ్ చేసింది. ఆ నిర్ణయాన్ని మనం స్వాగతించాం. కానీ 2023 అక్టోబరులో, ఎన్నికల ముంగిట, సస్పెన్షన్ ఎత్తివేసి మళ్లీ టికెట్ ఇచ్చారు. 2025 జూలైలో ఆయన పార్టీని వీడినది కూడా రాష్ట్ర అధ్యక్ష పదవి విషయంలో అసంతృప్తితోనే, ఆ వ్యాఖ్యలకు పశ్చాత్తాపంతో కాదు.

అందుచేత మాటను కాక, మూడు గీటురాళ్లను చూద్దామని మేము కోరుతున్నాం.

మొదటిది, శిక్ష నిలబడుతుందా? ఎన్నికలు రాగానే కరిగిపోయే క్రమశిక్షణ క్రమశిక్షణ కాదు.

రెండవది, రిజర్వేషన్లు. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో అమిత్ షా, అధికారంలోకి వస్తే ముస్లింల 4 శాతం రిజర్వేషన్ రద్దు చేస్తామన్నారు. అది మతం పేరిట ఇచ్చినదని వారి వాదం. 2007 చట్టాన్ని ఒకసారి చదివితే నిజం తెలుస్తుంది. బీసీ–ఇ లో ఉన్నవి 14 వర్గాలు: ధోబీలు, హజామ్‌లు, ఫకీర్లు, ఖురేషీలు, అత్తరు సాయిబులు, తురక కాశవారు వంటివారు. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వర్గాలకు అందులో చోటు లేదు. మతానికి ఇచ్చినదైతే వారిని ఎందుకు మినహాయిస్తారు? దూదేకుల, మెహతర్ వర్గాలు అంతకు ముందునుంచే బీసీ జాబితాలో ఉన్నాయి. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతున్నది. తెలంగాణ కులసర్వేలో వెల్లడైన 56.33 శాతం బీసీలలో 10.08 శాతం ముస్లిం బీసీలు. 42 శాతం బీసీ కోటా చర్చలో వారిని తొలగించాలని పట్టుబట్టడం కుడివైపు నడక. పేదరికానికి, వృత్తికి మతం లేదని ఒప్పుకోవడం మధ్యేమార్గం.

మూడవది, ఆస్తులు. మస్జిద్, దర్గా, ఖబరస్తాన్ భూముల విషయంలో నిర్ణయం తీసుకునేటప్పుడు సంబంధిత సమాజాన్ని సంప్రదిస్తారా, లేక సంఖ్యాబలంతో ముందుకు సాగుతారా?

ఈ మూడవ విషయం మనల్ని మిత్రపక్షాల వైపు తీసుకువెళుతుంది. 1998లో బీజేపీ మందిరం, 370వ అధికరణం, ఉమ్మడి పౌరస్మృతి అంశాలను పక్కన పెట్టింది. ఆ పార్టీకి సొంతంగా మెజారిటీ లేకపోవడం, మిత్రులు అంగీకరించకపోవడం దానికి కారణాలు. 2002లో తెలుగుదేశం మోదీని ముఖ్యమంత్రి పదవినుంచి తప్పించాలని కోరింది. కానీ లోక్‌సభలో ఓటింగ్ సమయానికి ప్రభుత్వాన్ని నిలదీయలేదు. 2024లో బీజేపీకి 240 స్థానాలే వచ్చాయి, తెలుగుదేశం 16 స్థానాలు అవసరమయ్యాయి. ఎన్నికల వేళ చంద్రబాబు 4 శాతం రిజర్వేషన్‌ను కాపాడతామన్నారు. అదే తెలుగుదేశం 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లుకు మద్దతు ఇచ్చింది. లోక్‌సభలో అది 288–232 ఓట్లతో నెగ్గింది. ఒకే మిత్రపక్షం ఒకచోట అడ్డుకట్ట అయింది, మరొకచోట తలుపు తెరిచింది. తన ఓటరుకు జవాబు చెప్పవలసి వస్తుందని భయపడినచోట అడ్డుకట్ట అయింది. ఆ భయం లేనిచోట తలుపు తెరిచింది.

అంటే మధ్యేమార్గం నాయకుల హృదయ పరివర్తనతో రాదు. లెక్క చేయక తప్పని ఓటరు ఉన్నచోట వస్తుంది. ఆ ఓటరు మనం కావాలి.

అందుకు చేయవలసిన పనులు చిన్నవే. నాగోల్, కొత్తపేట, ఎల్బీనగర్ ప్రాంతాలలో మనవారిలో చాలామంది అద్దె ఇళ్లలో ఉంటారు. ఇల్లు మారుతుంది, ఓటు పాత చిరునామాలోనే మిగిలిపోతుంది. ఫారం 8 నింపితే ఓటు మనతో వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి బిడ్డకు, ముఖ్యంగా ఆడబిడ్డలకు, ఫారం 6 నింపించండి. కాలనీ సంక్షేమ సంఘంలో సభ్యత్వం తీసుకోండి. నాలా పూడిక గురించి, వీధి దీపాల గురించి పొరుగువారితో కలిసి నిలబడండి. వరద వచ్చిననాడు నీరు ఎవరి మతాన్నీ అడగలేదు. నగరపాలక ఎన్నికలు ఎప్పుడు వచ్చినా, ఓటు అడగవచ్చిన ప్రతి అభ్యర్థిని, బీజేపీ అభ్యర్థితో సహా, కూర్చోబెట్టి ఈ మూడు ప్రశ్నలూ మర్యాదగా అడగండి. తలుపు వేసుకుంటే మనల్ని లెక్కలోనుంచి తీసివేయడం వారికి మరింత సులభమవుతుంది. అవే ప్రశ్నలను కాంగ్రెస్‌నూ, బీఆర్ఎస్‌నూ, మజ్లిస్‌నూ అడగండి. భయంతో వేసే ఓటుకు ఎవరూ ధర చెల్లించరు.

ఒక పార్టీ కుడికి జరిగినా మధ్యకు వచ్చినా, మనం రాజ్యాంగం మీద నిలబడి మాట్లాడదాం. ఈ దేశంలో మన హక్కు ఒకరి దయాదాక్షిణ్యం కాదు. ఆ హక్కును నిలుపుకునే ఓర్పును, న్యాయం పక్షాన నోరు విప్పే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.