ఆటల గాయాలు – మర్దన వేళ

కారంపూడి పేరు వినగానే తెలుగువారికి నాగులేటి ఒడ్డున ఉన్న వీరుల గుడి స్ఫురిస్తుంది. కార్తిక అమావాస్య మొదలు ఐదు రోజులపాటు అక్కడ జరిగే వీరారాధనోత్సవాలు స్ఫురిస్తాయి. పల్నాటి వీరగాథలో బాలచంద్రుని ఘట్టం ఒక ఆటతోనే మొదలవుతుంది. అతడు విసిరిన బొంగరం ఒక వైశ్య వనిత కాలికి తగిలి గాయపరచిందనీ, అప్పుడు ఆమె పలికిన మాటలే ఆ బాలుని యుద్ధభూమికి నడిపించాయనీ కథ. ఆటలో తగిలిన దెబ్బ ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కరలేదు.

నేటి దెబ్బలు అంత దూరం పోవు. కాని వాటిని సరిగా చూడనట్లయితే పదహారేళ్ళ కుర్రవాని మోకాలో, మోచేయో జీవితమంతా అతనికి లోటుగానే ఉండిపోతుంది. చెడుగుడు బరిలో కూతకు వెళ్ళిన ఆటగాడు వెనుదిరిగే క్షణంలో పాదం లోపలికి మడత పడుతుంది. చూస్తుండగానే చీలమండ వాస్తుంది. చుట్టూ చేరినవారు మొదట చేసే పని ఏమిటి? కాలు ఒడిలో పెట్టుకొని గట్టిగా నలపడం, లాగడం, కాచిన నూనె పట్టించి రుద్దడం. ఎదురుకాళ్ళతో పుట్టినవాని చేత తొక్కించమనే సలహా కూడ అప్పుడే వస్తుంది. వీరందరి ఉద్దేశమూ మంచిదే, కాని వేళ మంచిది కాదు.

బెణుకు అంటే ఏమిటి? ఎముకను ఎముకతో కట్టి ఉంచే బంధకాలు అతిగా సాగడం, లేక కొంత చినగడం. వాటితోపాటు సన్నని రక్తనాళాలు కూడ తెగుతాయి. లోపల రక్తం, నీరు చేరి వాపు వస్తుంది. ఆ సమయంలో బలంగా రుద్దడం అంటే అప్పుడప్పుడే మూసుకుంటున్న గాయాన్ని మళ్ళీ తెరవడమే. అందువల్ల మొదటి రెండు మూడు రోజులు దెబ్బ తగిలిన చోట మర్దన కూడదు. ఆటను అక్కడితో ఆపాలి. మంచుముక్కలను గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు అద్దితే నొప్పి ఉపశమిస్తుంది. మరీ బిగువు కాని కట్టు కట్టి, కాలిని తలగడపై ఎత్తుగా ఉంచాలి. వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టు వెంటనే వదులు చేయాలి.

బెణుకో, ఎముక విరిగినదో తెలుసుకొనడానికి కెనడా దేశపు ఆటవా నగర వైద్యులు 1992లో కొన్ని సులభమైన గుర్తులు చెప్పారు. గాయపడినవాడు నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు ఇరుప్రక్కల ఉన్న ఎముక గుబ్బల వెనుక అంచును నొక్కినప్పుడు నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించవలసిందే. ఆ పరీక్ష జరిగేవరకు ఎవరూ కాలిని లాగరాదు.

మోచేతి విషయం మరింత సున్నితమైనది. పడిపోయిన పిల్లవాని మోచేతిని మర్దించినట్లయితే కండరంలోనే ఎముక ఏర్పడి, కీలు బిగుసుకుపోయే ప్రమాదం ఉన్నది. ఆ తరువాత చేయి పూర్తిగా చాచడమూ కష్టమే, ముడవడమూ కష్టమే. పిక్క ఒకవైపే వాచి, ఎర్రబడి, వేడిగా ఉన్నప్పుడు కూడ మర్దన చేయరాదు. లోపల రక్తం గడ్డ కట్టి ఉంటే, అది కదలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. అది ప్రాణాపాయం.

అయితే మర్దన వ్యర్థమా? కానే కాదు. బండి ఇరుసుకు కందెన ఎటువంటిదో శరీరానికి అభ్యంగనం అటువంటిదని చరకసంహిత ఏనాడో చెప్పింది. ఐరోపాలో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు యోహాన్ గియోర్గ్ మెజ్గర్ (1838–1909) నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం అనే పద్ధతులను వైద్యంలో భాగం చేశాడు. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవారు పదకొండుమంది యువకుల చేత కఠిన వ్యాయామం చేయించి, ఒక్కొక్కరికి ఒక కాలికి మాత్రమే పది నిమిషాలు మర్దన చేయించారు. మర్దన జరిగిన కండరంలో వాపును పెంచే సంకేతాలు తగ్గినవి. మర్దన కండరంలోని ఆమ్లాన్ని కడిగివేస్తుందన్న పాత నమ్మకానికి మాత్రం ఆధారం దొరకలేదు. 2020లో ఇరవై తొమ్మిది పరిశోధనలను కలిపి చూసినవారు మర్దన వల్ల పరుగు వేగమూ, బలమూ పెరగవనీ, ఆట మరునాటి ఒళ్ళునొప్పులు కొంత తగ్గుతాయనీ తేల్చారు. అంటే మర్దన మంత్రం కాదు, తోడు మాత్రమే.

ఆ తోడును ఎప్పుడు, ఎలా పొందాలి? వాపు తగ్గుముఖం పట్టి, ఎముక విరగలేదని రూఢి అయిన తరువాత మొదలుపెట్టాలి. మొదట గాయానికి పైనా క్రిందా మాత్రమే అరచేతితో తేలికగా, గుండెవైపుగా నిమరాలి. రోజులు గడిచినకొద్దీ బిగిసిన కండరాలను మెల్లగా పిసకవచ్చు. పది నిమిషాలు చాలు. నువ్వుల నూనె చేయి జారడానికే గాని ఎముక అతకడానికి కాదు. నొప్పికి పళ్ళు బిగబట్టవలసి వచ్చిందంటే మర్దన హద్దు దాటినదన్నమాటే. దీనితోపాటు పాదాన్ని నలువైపులా తిప్పడం, మునివేళ్ళపై లేచి నిలవడం, కొన్నాళ్ళకు ఒంటికాలిపై నిలవడం అభ్యసించాలి. బంధకాలకు తిరిగి పట్టు ఇచ్చేది ఈ వ్యాయామమే. దానిని విడిచి మర్దననే నమ్ముకొన్నవాని చీలమండ మళ్ళీ అదే చోట మడత పడుతుంది.

పల్లెలలో బెణుకులు తీసే పెద్దల చేతివాటం తరతరాలుగా వచ్చిన విద్య. దానిని తీసిపారవేయనక్కరలేదు. వాచిన కాలిని చూసి, “ఈవేళ నేను ముట్టను, ముందు ఆసుపత్రిలో చూపించి, నాలుగు రోజులు పోయినాక తీసుకురండి” అనగలిగిన పెద్దే ఆ విద్యలో ఆరితేరినవాడు. ఆ మాట విన్న తల్లిదండ్రులు అతడు చేతకాక అన్నాడని అనుకోరాదు. బిడ్డ కాలు నిలబెట్టే మాట అదే.