గబ్బిలాలు వెతుక్కున్న వంతెన

నది ఒడ్డున ఏదైనా కట్టేటప్పుడు అక్కడ బతికే జీవులకి ఇంత నీడ దొరకాలి, మనుషులూ వచ్చి కాసేపు కూర్చోవాలి. ఈ రెండూ ఒకేచోట కుదురుతాయా? కుదిరిన చోటు ఒకటి ఉంది. తమాషా ఏంటంటే, దాన్ని ఎవరూ ఆ ఉద్దేశంతో కట్టలేదు.

అమెరికాలో టెక్సస్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్. మన తెలుగువాళ్ళు కూడా బాగానే ఉన్న ఊరు. ఊరి మధ్యలోంచి కొలరాడో నది పోతుంది. గ్రాండ్ కాన్యన్ దగ్గర పారే కొలరాడో కాదండీ, పేరొక్కటే, నది వేరు. దాని మీద 1910లో కట్టిన కాంగ్రెస్ అవెన్యూ వంతెనని 1980లో బాగు చేశారు. అప్పుడు వంతెన అడుగుభాగంలో దూలాల మధ్య పొడుగాటి సందులు మిగిలాయి. వెడల్పు ముప్పావు అంగుళం నుంచి అంగుళంన్నర, లోతు సుమారు 16 అంగుళాలు. ఇంజనీర్లకి అది మామూలు సందు. మెక్సికో నుంచి వలస వచ్చే గబ్బిలాలకి మాత్రం అది కొలతలు తీసి కట్టించిన ఇల్లు.

ఎందుకో చెప్తాను, అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ జాతి గబ్బిలం బొటనవేలంత ఉంటుంది. వీపూ పొట్టా రెండూ గోడకి ఆనేంత ఇరుకులో దానికి ధైర్యం. గుడ్లగూబ అందులో దూరలేదు కదా. సందు ఇంకాస్త వెడల్పైతే దానికి నచ్చదు. రెండోది వేడి. పగలంతా ఎండలో కాగిన కాంక్రీటు రాత్రి కూడా వెచ్చగానే ఉంటుంది. జూన్ ప్రాంతంలో ఒక్కో తల్లి ఒక్కో పిల్లని కంటుంది. ఒంటి మీద నూగు కూడా లేని పిల్లని ఆ వెచ్చదనంలో వదిలేసి, తల్లి వేటకి పోతుంది. మూడోది ఎత్తు. ఈ గబ్బిలం పిచ్చుకలా నేల మీంచి రివ్వున లేవలేదు. ముందు కిందికి పడాలి, పడుతూ రెక్క విప్పాలి. కింద అడ్డు లేకుండా నీళ్ళుంటే అంతకన్నా ఏం కావాలి? వెడల్పు, వేడి, ఎత్తు. అంతే అన్నమాట.

మరి జనం? హడలిపోయారు. గబ్బిలాలంటే రేబిస్ అనీ, మీద పడి కరుస్తాయనీ పత్రికలు రాశాయి, వాటిని వదిలించమని సంతకాలు సేకరించారు. వాళ్ళని అనడానికి లేదు లెండి, మన దగ్గర ఇంట్లోకి గబ్బిలం వస్తే అపశకునమని శాంతి చేయించేవాళ్ళు లేరా? అందరూ ఛీ అనే ప్రాణి కాబట్టే జాషువా గారు 1941లో దాన్ని దూతని చేసి కావ్యం రాశారు.

1986లో మెర్లిన్ టటిల్ అనే గబ్బిలాల శాస్త్రవేత్త ఆస్టిన్‌కి మకాం మార్చాడు. ఆయన చెప్పింది రెండు ముక్కలు: మీరు చేత్తో పట్టుకోకపోతే అవి మీ జోలికి రావు, రాత్రికి టన్నుల కొద్దీ పురుగుల్ని తింటాయి. మెల్లగా ఊరి మనసు మారింది. ఎండాకాలం చివర్లో 15 లక్షల దాకా ఉంటాయని అంచనా. సాయంత్రం అవి పొగలా లేస్తుంటే చూడడానికి జనం వంతెన మీద బారులు తీరతారు. పైన కార్లు, పక్కన మనుషులు, కాళ్ళ కింద లక్షల గబ్బిలాలు! ఒకరికొకరు అడ్డు కాదు. నా లెక్కలో ఈ కట్టడం రహస్యం కలపడంలో లేదు, అంతస్తులుగా విడదీయడంలో ఉంది. కూర్చునే గడ్డి ఒడ్డున, రెట్ట పడేది నీళ్ళలో. బెంచీలు తెచ్చి వంతెన కిందే వేసి ఉంటే ఎవరు కూర్చుంటారు చెప్పండి?

తర్వాత టెక్సస్ రోడ్ల శాఖే వంతెనల్లో గబ్బిలాలకి చోటు ఎలా ఇవ్వాలో అధ్యయనం చేయించింది. నెదర్లాండ్స్‌లో మాన్‌స్టర్ అనే ఊళ్ళో 2015లో కట్టిన నడక వంతెనైతే మొదటి గీత నుంచీ గబ్బిలాల కోసమే గీసింది. నెక్స్ట్ ఆర్కిటెక్ట్స్ వాళ్ళు గబ్బిలాల నిపుణుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఒక చివర బరువైన కాంక్రీటులో చలికాలపు గూళ్ళు, నడిచే పలక కింద, ఇటుక పిట్టగోడలో వేసవి గూళ్ళు పెట్టారు. పైన నడిచేవాళ్ళకి అది అందమైన వంపు తిరిగిన వంతెన, అంతే.

మన దగ్గర నది ఒడ్డున రిటైనింగ్ వాల్ అంటే నున్నగా, ఒక్క చిల్లు లేకుండా ఉంటేనే పని బాగా చేసినట్టు. నీళ్ళు పోవడానికి వదిలిన గొట్టం కనిపిస్తే గోరింక అందులోనే గూడు పెట్టేస్తుంది, గమనించండి. డ్రాయింగ్ దశలో కొన్ని సందులు వదలడానికి పెద్ద ఖర్చు కాదు. కట్టేశాక గోడ తొలవాలంటేనే ఖర్చు. అయితే ఆస్టిన్ కొలత ఇక్కడ పెట్టేస్తే కుదరదు. మన ఒడ్డున ఏ జీవి ఉందో, దాని ఒళ్ళెంతో ముందు చూడాలి.

ఆస్టిన్ వెళ్ళేవాళ్ళుంటే ఆగస్టులో వెళ్ళండి, అప్పటికి పిల్లలు కూడా ఎగురుతాయి. పొద్దు గుంకే ముందే దక్షిణపు ఒడ్డున చోటు చూసుకోండి. ఫోన్ లైటు వాటి మీద వేయకండి. కింద పడిన గబ్బిలం కనిపిస్తే జాలిపడి ముట్టుకోకండి, రేబిస్ భయం అక్కడ మాత్రం నిజమే. పైకి చూసేటప్పుడు నోరు మూసుకోండి, అది ఎందుకో చెప్పక్కర్లేదు.