ట్రాలీ లైట్ల సాకెట్టుకు చిలుము పడితే

ట్రాక్టరు నుంచి ట్రాలీ లైట్లకు కరెంటు అందించే ఏడు పిన్నుల సాకెట్టుకు అరకు లోయలో తేమే పెద్ద శత్రువు. వానలు, చలికాలపు పొగమంచు లోపల చెమ్మను నిలిపి ఉంచుతాయి. ఆ చెమ్మలో 12 వోల్టుల కరెంటు పారితే రాగి, ఇత్తడి మరింత త్వరగా పచ్చని చిలుము పట్టి అరిగిపోతాయి. అనంతగిరి ఘాట్ రోడ్డు మలుపుల్లో, మంచు కమ్మినప్పుడు, వెనుక లైటు వెలగని ట్రాలీ దగ్గరికొచ్చేదాకా కనిపించదు. సాకెట్టు మరమ్మతును వాయిదా వేయడం ప్రాణాలతో చెలగాటమే.

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. ప్లగ్గు ఊడదీసి, పిన్నులను సన్న ఎమెరీ కాగితంతో, సాకెట్టు రంధ్రాలను చిన్న వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. గుంటలు పడిన పిన్ను రుద్దినా నిలవదు; సాకెట్టు మార్చడమే మేలు. చిలుము తీగ తొడుగు లోపలికీ పాకుతుంది. అందుకే నల్లబడిన తీగను ఎర్రని రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్త కొసను బిగించాలి. ఆపై పిన్నులకు పలచగా పెట్రోలియం జెల్లీ రాయాలి.

బ్రేకు తొక్కినప్పుడు మిగతా లైట్లు కూడా మసకగా వెలిగితే లోపం చాలావరకు ఎర్తు తీగదే. ట్రాలీ చట్రం మీద అది బిగించిన చోట రంగు, తుప్పు గీకి, మళ్లీ గట్టిగా బిగించాలి. చివరగా బ్యాటరీ కలిపి, ఒక్కో లైటునూ వేసి చూడాలి.